పాత బండికి ఇక చాలు అనవలసిన వేళ



నిజామాబాదు పట్టణములో అర్సపల్లి దాటి బోధను వైపు సాగిపోవు దారిలో, తెల్లవారుజామున పాలక్యానులను ఇరువైపుల కట్టుకొని పట్టణమునకు వచ్చు బండ్లను, పొద్దెక్కిన తరువాత ఎరువు బస్తాను పెట్రోలు ట్యాంకు మీద అడ్డముగా వేసికొని పల్లెకు మరలిపోవు బండ్లను, సాయంకాలము భార్యను, బిడ్డలను, పచ్చగడ్డి మోపును ఒక్కమారుగా మోయు బండ్లను చూచిన వారికి, ఈ ప్రాంతమున మోటారు సైకిలు విలాసవస్తువు కాదనియు, ఇంటిల్లిపాది జీవనమునకు అదియే ఆధారమనియు వేరే చెప్పనక్కరలేదు. అట్టి బండి పాతబడినప్పుడు ఇంటి యజమానికి కలుగు చింత సామాన్యమైనది కాదు. దీనికి ఇంకను డబ్బు పెట్టవలెనా? మానవలెనా? మానవలసినచో ఎప్పుడు మానవలెను? ఈ ప్రశ్నను గురించియే నేడు మీతో కొంతసేపు ముచ్చటింపవలెనని నా సంకల్పము.

ఈ ప్రశ్న మనము అనుకొన్నంత సులభమైనది కాదు. ఎందుచేతననగా పాత బండి ఒక్కనాడును పెద్ద మొత్తమును అడుగదు. ఒకనాడు క్లచ్ వైరు తెగును. మఱియొకనాడు ప్లగ్గు మార్చవలసివచ్చును. పది దినములు గడచిన పిదప కార్బొరేటరు విప్పవలసివచ్చును. ప్రతిసారియు అడుగునది స్వల్పమే. ప్రతిసారియు మనము “ఈసారికి పోనిమ్ము” అనుకొందుము. అట్లు పోనిచ్చిన సొమ్మును ఏడాది చివర ఎవ్వరును కూడి చూచుకొనరు. కూడి చూచుకొన్నచో తెలియును, ఆ బండిని అమ్మినచో రాదగిన ధరలో సగము దాని మరమ్మతుకే పోయినదని.

ఇంతకంటె కష్టమైన మాట ఒకటి కలదు. “మొన్ననే గదా క్లచ్ ప్లేట్లు వేయించితిని! నిరుడే గదా ఇంజను పని చేయించితిని! ఇంత పెట్టిన తరువాత ఇప్పుడెట్లు వదలుదును?” ఈ మాట వినుటకు ఎంతో న్యాయముగా ఉండును. అనుభవజ్ఞులు కూడ ఈ మాటనే అనుచుందురు. కాని శాంతముగా ఆలోచించి చూడండి. నిరుడు పెట్టిన సొమ్ము పోయినది. బండిని ఉంచుకొన్నను అది తిరిగి రాదు. బండిని అమ్మివేసినను తిరిగి రాదు. రెండు విధములుగను తిరిగి రాని సొమ్మును ముందుంచుకొని నేటి నిర్ణయము చేయుట ఎట్లు యుక్తమగును? కావున నా మొదటి మాట ఇది. పెట్టిన డబ్బును చూడవద్దు. పెట్టబోవు డబ్బును చూడండి. ఆ డబ్బు మీకు ఎన్ని నెలల నమ్మకమైన ప్రయాణమును ఇచ్చునో చూడండి.

ఈ వివేకము మన చెఱకు రైతులకు కొత్తది కాదు. రుద్రూరులో చెఱకు, వరి పరిశోధన కేంద్రము వెలసిన ఈ నేల మీద కార్శిని గూర్చి నేను బోధించుట సాహసమే యగును గాని, ఒక్క మాట జ్ఞాపకము చేయుదును. మొక్కతోటను నఱికిన తరువాత మోళ్లు మఱల చిగిర్చును; ఆ పంటయే కార్శి. విత్తనపు ఖర్చు లేదు, కొత్తగా దున్ని నాటు శ్రమ లేదు. కావున మొదటి కార్శి లాభదాయకము. రెండవదానిని కూడ పలువురు ఉంచుకొందురు. ఆ మీదట పిలకలు పలుచబడును, తోటలో ఖాళీలు ఏర్పడును, తెగుళ్లు పెరుగును, దిగుబడి తగ్గును. అప్పుడు రైతు ఏమి చేయును? ఆ మోళ్లను దున్ని పెకలించివేయును. అవి ఇంకను చిగిర్చుచునే యుండును సుమా! ప్రాణమున్న మోళ్లనే పెకలించును. చిగిర్చుచున్నదా, లేదా అని ఆయన అడుగడు. పెట్టిన నీటికి, వేసిన ఎరువునకు తగినంత పండుచున్నదా, లేదా అని అడుగును.

బండి విషయమునను అడుగవలసిన ప్రశ్న అదియే. “కిక్కు కొట్టితే స్టార్టగుచున్నది గదా!” అని తృప్తిపడువారు చిగురును చూచి మురియుచున్నారు. స్టార్టగుట వేరు, పని జరుగుట వేరు. తెల్లవారుజామున నాలుగు గంటలకు స్టార్టై, నడిదారిలో జానకంపేట దగ్గఱ ఆగిపోయిన బండి స్టార్టైనట్లా, కానట్లా? మఱల చెప్పుచున్నాను. చిగిర్చుచున్నదా అని కాదు, పండుచున్నదా అని అడుగవలెను.

ఇక ఖర్చులన్నియు ఒక్కటి కావు. ఈ భేదమును గుర్తింపకపోవుట చేతనే కొందఱు మంచి బండిని తొందరపడి అమ్మివేయుదురు; కొందఱు చెడిన బండిని విడువలేక పట్టుకొని యుందురు. టైర్లు, బ్రేకు షూలు, చైను స్ప్రాకెట్లు, వైర్లు, బ్యాటరీ, ఇంజను నూనె — ఇవి అరుగుటకొఱకే పుట్టినవి. కొత్త బండికైనను వీనిని మార్చవలసినదే. వీని ఖర్చును మరమ్మతు లెక్కలో కలుపరాదు. ముఖ్యముగా బ్రేకు షూలకు, టైర్లకు పెట్టు డబ్బును “పాత బండికి ఎందుకులే” అని ఎన్నడును మిగుల్చుకొనరాదు. బండిని రేపు అమ్మదలచుకొన్నను, నేటి ప్రయాణమునకు బ్రేకు కావలెను గదా! నేను లెక్క వేయుమని చెప్పునది వేరొక ఖర్చు. ఇంజను విప్పు ఖర్చు. చాసీకి అతుకు వేయు ఖర్చు. ఒకసారి చేయించిన పనినే మఱల మఱల చేయించు ఖర్చు.

మొదట ఇంజను మాట చూతము. నాలుగు స్ట్రోకుల బండి సైలెన్సరు నుండి నీలిరంగు పొగ వచ్చుచున్నదనిన, లోపలి నూనె పెట్రోలుతో పాటు కాలిపోవుచున్నదని అర్థము. వాల్వుల దగ్గఱ నుండు చిన్న సీళ్లు పాడైన మాత్రమున కూడ ఇట్లగును. అది స్వల్ప వ్యయముతో తీరును. అట్లుగాక పిస్టన్ రింగులును, సిలిండరు లోపలి గోడయు అరిగినచో బోరింగు చేయింపవలెను. లేతు దుకాణములో సిలిండరు లోపలి వ్యాసమును మిల్లీమీటరులో నాలుగవ వంతు పెంచి, దానికి సరిపోవు పెద్ద పిస్టనును వేయుదురు. మఱల అరిగిన యెడల మఱియొక నాలుగవ వంతు. ఇట్లు బండిని బట్టి రెండు మూడు మారులు, హెచ్చుగా నాలుగు మారులు, అనగా మొత్తము ఒక మిల్లీమీటరు వరకు పెంచుదురు. అంతటితో ఆ సిలిండరు ఆయువు తీరినట్లే. ఆ పిదప స్లీవు దింపవలెను, లేదా బ్లాకునే మార్చవలెను. రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ 100 వంటి రెండు స్ట్రోకుల బండ్లు నూనెను పెట్రోలుతో కలిపియే కాల్చును గావున కొంత పొగ వానికి స్వభావసిద్ధము. దానిని చూచి బెదరనక్కరలేదు.

కావున బోరింగు చేయింపవలెనని మెకానిక్కు చెప్పినప్పుడు మీరు అడుగవలసిన ప్రశ్న ఒకటే. ఇది ఎన్నవ బోరు? మొదటిది గాని, రెండవది గాని అయినచో, తక్కిన బండి దృఢముగా ఉన్నచో, చేయించుకొనుట మంచిదే. ఆ పని చక్కగా జరిగిన బండి అనేక సంవత్సరములు నడచును. చివరి బోరు కూడ అయిపోయి, దానితోపాటు క్రాంకు నుండి గడగడ శబ్దము కూడ వినవచ్చుచున్నచో, నా మాట స్పష్టముగా చెప్పుదును. ఆగిపోండి. ఆ ఇంజనులో పైభాగమును కొత్తది చేసినచో అడుగుభాగము మీద ఒత్తిడి పెరుగును. ఆరు నెలలలో ఇంజను మఱల దింపవలసివచ్చును. ఒకటి చేయించిన తరువాత రెండవది, రెండవది చేయించిన తరువాత మూడవది.

ఇంజనుకంటె ముఖ్యమైనది చాసీ. ఇంజను చెడినచో బండి ఆగును. చాసీ విఱిగినచో మనిషి పడును. హ్యాండిలు తిరుగు గొట్టము చాసీతో కలియు చోట పగులు కనబడినచో, వెల్డింగుతో సరిపెట్టుకొనవచ్చునా అని పలువురు అడుగుదురు. సైలెన్సరు పట్టీకి, ఫుట్‌రెస్టుకు, వెనుక క్యారియరుకు వెల్డింగు చేయించుకొనవచ్చును. ఆ మెడ భాగమునకు మాత్రము వెల్డింగు చేయించి, దాని మీద బిడ్డలను ఎక్కించుకొని తిరుగవద్దని చేతులు జోడించి వేడుకొనుచున్నాను. అతుకు గట్టిగానే యుండును. అతుకు పక్కన వేడికి గురియైన ఇనుము బలహీనపడి మఱల పగులును. ప్రమాదములో వంగిన చాసీని లాగి సరిచేయించినను, బండి ఒక ప్రక్కకు లాగుచునే యున్నచో, ఆ బండికి ఇక ఒక్క రూపాయి కూడ పెట్టవద్దు. మెడ దగ్గఱ పగిలిన బండి విషయమున లెక్కలు అక్కరలేదు, ఆలోచన అక్కరలేదు. ఆపివేయవలసినదే.

తరువాత కాగితముల మాట. మన జిల్లా రోడ్ల మీద ఏపీ 25 అను నంబరుతో తిరుగుచున్న బండ్లన్నియు 2014 జూను నాటికి పూర్వము నమోదైనవే. వానిలో అనేకము పదునైదేండ్లు దాటినవి, మిగిలినవి దాటబోవుచున్నవి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత బండి రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. తరువాత బండిని తనిఖీ చేయించి ఐదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవచ్చును. పదునైదేండ్లు నిండగనే బండిని పాఱవేయవలెనని ఒక వదంతి కలదు. అది ఢిల్లీ పరిసరములకు విధించిన నిషేధమును విని పుట్టిన భయము. మన ప్రాంతమునకు అది వర్తింపదు. కాని పునరుద్ధరణ ఉచితము కాదు. 2022 ఏప్రిలు నుండి మోటారు సైకిలుకు ఆ రుసుము 1,000 రూపాయలైనది. ఇరువదేండ్లు దాటినవానికి 2025లో దానిని ఇంకను పెంచిరి. హరిత పన్ను, బీమా, కాలుష్య ధ్రువపత్రము వేరు. తనిఖీ చేయు అధికారికి చాసీ నంబరు స్పష్టముగా కనబడవలెను; తుప్పు తినివేసిన నంబరుతో చిక్కులు తప్పవు. కావున పదునాల్గవ ఏట గాని, పందొమ్మిదవ ఏట గాని ఇంజనుకు పెద్ద ఖర్చు పెట్టబోవువారు, ముందున్న ఈ కాగితముల ఖర్చును కూడ అదే లెక్కలో చేర్చుకొనవలెను.

తనిఖీ మాట వచ్చినది గావున ఒకటి చెప్పుదును. జపానులో 250 సీసీ దాటిన మోటారు సైకిళ్లను కొన్న మూడేండ్లకు ఒకసారి, ఆ పైన రెండేండ్లకొకసారి తప్పనిసరిగా తనిఖీ చేయింపవలెను. బండిని ఉంచుకొందునా, వదలుదునా అను ప్రశ్నను అక్కడి యజమానికి చట్టమే రెండేండ్లకొకసారి జ్ఞాపకము చేయును. మన నూరు సీసీల చిన్న బండ్లకు అక్కడ సైతము ఆ తనిఖీ లేదు. ఇక్కడ పదునైదేండ్ల వఱకు మనలను ఎవ్వరును అడుగరు. అడుగువారు లేరు గావున మనమే అడుగుకొనవలెను. ఏడాదికొకసారి, పసుపు అమ్ముడుపోయిన తరువాతనో, చెఱకు బిల్లు వచ్చిన తరువాతనో, చేతిలో నాలుగు రూపాయలున్న సమయమున అడుగుకొనవలెను. నడిరోడ్డు మీద బండి ఆగినప్పుడు, చీకటిలో, వానలో, విసుగుతో చేయు నిర్ణయము మంచి నిర్ణయము కాజాలదు.

ఒకే వయస్సు గల రెండు బండ్లకు ఒకే తీర్పు చెప్పుటకు వీలులేదు. విడిభాగములు దొరకుట, దొరకకపోవుట అను విషయము అన్నిటిని మార్చివేయును. మైసూరులో 1961 నుండి తయారైన జావా, ఆ పైన వచ్చిన యెజ్దీ బండ్ల కర్మాగారము 1996లో మూతపడినది. యమహావారి ఆర్‌ఎక్స్ 100 తయారీయు 1985లో మొదలై 1996లో ఆగినది. వీనికి అసలు భాగములు నేడు అరుదు. అనుకరణ భాగములు దొరకినను అవి ఎంతకాలము నిలుచునో చెప్పుట కష్టము. హీరో హోండావారు 1985లో సీడీ 100ను, 1994లో స్ప్లెండరును తెచ్చిరి. స్ప్లెండరు భాగములు నేటికిని ఎడపల్లిలోను దొరకును, కోటగిరిలోను దొరకును, వర్నిలోను దొరకును. మెకానిక్కు కన్నులు మూసికొని విప్పి బిగింపగలడు. అందుచేత ఇరువదేండ్ల స్ప్లెండరుకు ఖర్చు పెట్టుట సాహసము కాకపోవచ్చును. అదే వయస్సు గల మఱియొక అరుదైన బండికి ఖర్చు పెట్టి దాని మీద జీవనము ఆధారపఱచుట సాహసమే.

ఇచ్చట పెట్రోలును గూర్చి ఒక మాట. ఇప్పుడు మనకు దొరకు పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. చెఱకు పండించు సీమవారికి ఇథనాలు పరాయి వస్తువు కాదు. చక్కెర చేయగా మిగిలిన మొలాసిస్ నుండియు, చెఱకు రసము నుండియు, ధాన్యము నుండియు దానిని తీయుదురు. పాత కార్బొరేటరు బండ్లలోని రబ్బరు గొట్టములు, సీళ్లు దీనిని తట్టుకొనుటకు తయారైనవి కావు. అవి ఉబ్బి పగులవచ్చును. అదియుగాక ఇథనాలు నీటిని పీల్చుకొనును గావున నెలల తరబడి కదలక నిలిచిన బండి ట్యాంకులో తుప్పు పట్టును. అట్లని బెదరి బండిని అమ్ముకొననక్కరలేదు. పెట్రోలు గొట్టమును, సీళ్లను మార్పించుట స్వల్ప వ్యయము. కాని పాత బండిని వాడక మూలకు నిలుపుట దానిని కాపాడుట అని భావించువారు మాత్రము ఆ భావమును మార్చుకొనవలెను.

ఇంతవఱకు చేతి నుండి పోవు డబ్బు మాట చెప్పితిని. లెక్కకు రాని నష్టము ఇంకొకటి కలదు. అది పోయిన దినముల నష్టము. పాలు పోయువాని బండి దారిలో ఆగినచో పాలు విఱుగవచ్చును. కూలికి పోవువాని బండి ఆగినచో ఆనాటి కూలి పోవును. బోధనులో 1930ల చివర వెలసి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు గాంచిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడిన తరువాత, ఈ సీమలో మిగిలిన చెఱకు కామారెడ్డి వైపునకు, మాగి వైపునకు పోవలసివచ్చినది. ఆ కర్మాగారమున్న శక్కర్‌నగరులో పని కోల్పోయినవారు వేఱుపని వెదకుకొనుచు దూరములు తిరుగవలసివచ్చినది. దూరము పెరిగిన కొలది బండి మీద ఆధారము పెరిగినది. ఆధారము పెరిగిన కొలది, ఆగిపోవు బండి చేయు నష్టము పెరిగినది. అందుచేత మీ లెక్కలో మెకానిక్కునకు ఇచ్చిన సొమ్మును వ్రాసికొన్నట్లే, బండి వలన పోయిన దినములను కూడ వ్రాసికొనండి. గోడమీది క్యాలెండరులో ఆ దినమునకు ఒక గుర్తు పెట్టుకొన్నను చాలును. ఏడాది చివర ఆ గుర్తులను చూచినచో, తీర్పు మీకే తోచును.

మెకానిక్కులను గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. వారు మనలను మోసగింతురని తేలికగా అనుట నాకు ఇష్టము లేదు. మన పట్టణములో, మన మండలములలో, రేకుల షెడ్డు క్రింద నూనె చేతులతో పనిచేయు ఉస్తాదులు ఎందఱో మన బండ్లను సంవత్సరముల తరబడి కాపాడుచున్నారు. కాని మనము అడుగు ప్రశ్న సరియైనది కావలెను. “బాగు చేయగలవా?” అని అడిగినచో, నిజమైన పనివాడు ఎవడైనను “చేస్త” అనియే చెప్పును. చేయగలడు కూడ. ఆ ప్రశ్నకు బదులు, పెద్దవారొకరు అడుగగా నేను విన్న ప్రశ్న ఇది: “ఉస్తాద్, గీ బండి నీదే అయితే ఏం జేస్తుంటివి?” ఆ మెకానిక్కు చేతిలోని పానాను క్రింద పెట్టి, కొంచెము ఆలోచించి, “నేనైతే గింత పైస పెట్టకపోతుంటి కాకా, ఎవలకన్న ఇచ్చేస్తుంటి” అనెను. అతడు తనకు రాదగిన పనిని వదలుకొని చెప్పిన మాట అది. సరియైన ప్రశ్న అడిగినవారికి ఇట్టి సత్యము లభించును. ఈ ప్రశ్నను ఇంజను విప్పకముందే అడుగండి. విప్పిన తరువాత, భాగములన్నియు గోనెపట్టా మీద పఱచియున్నప్పుడు, వెనుకకు పోవుటకు ఎవ్వరికిని మనసొప్పదు.

అయినచో కొత్త బండి కొనుటయే ఎల్లప్పుడును మేలా? కాదు. ఏడాదికి ఒకటి రెండు మారులు మాత్రమే చేతికి డబ్బు వచ్చు రైతు నెలనెలా కిస్తీ కట్టుటకు ఒప్పుకొనుట చిక్కులను కొనితెచ్చుకొనుటయే. దృఢమైన చాసీ, మొదటి బోరు, చెల్లుబాటగు కాగితములు, మండల కేంద్రములోనే దొరకు భాగములు ఉన్న బండికి మరమ్మతు చేయించుకొని మఱి రెండేండ్లు నడుపుకొనుటయే వివేకము. ఆ రెండేండ్లలో కొత్తదానికి డబ్బు కూడబెట్టుకొనవచ్చును. అయితే, 2025 సెప్టెంబరు 22 నుండి 350 సీసీ వఱకు గల మోటారు సైకిళ్ల మీద జీఎస్టీని 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గించిరి. కొత్త బండి వైపు మొగ్గుటకు అదియొక కారణము. 2019 ఏప్రిలు నుండి అమ్ముచున్న 125 సీసీ లోపు బండ్లలో రెండు చక్రముల బ్రేకులు కలిసి పనిచేయు ఏర్పాటు ఉన్నది. పాత బండికి ఎంత ఖర్చు పెట్టినను ఆ రక్షణ రాదు. దీనిని డబ్బుతో తూచలేము గాని, లెక్క వేయునప్పుడు మఱచిపోరాదు.

ఇక మనసు మాట. ఆర్మూరు, బాల్కొండ, బోధను ప్రాంతములలో అనేక గృహములందు బండి వెనుక ఒక గల్ఫు ప్రయాణము ఉన్నది. దుబాయిలోనో, మస్కట్టులోనో ఎండలో పనిచేసి కొడుకు పంపిన సొమ్ముతో తండ్రి కొన్న బండి అది. లేదా, తిరిగిరాని తండ్రి మొదటి సెలవులో వచ్చినప్పుడు కొనిపెట్టిన బండి. అట్టి బండిని ఇనుప సామాను కొట్టుకు ఇమ్మని చెప్పుటకు నాకు నోరు రాదు. ఎవ్వరును అట్లు చెప్పరాదు. నేను కోరునది ఒక్కటే. జ్ఞాపకముకొఱకు పెట్టు ఖర్చును జ్ఞాపకము పద్దులోనే వ్రాయండి. జీవనము పద్దులో వ్రాయవద్దు. ఆ బండిని శుభ్రముగా తుడిచి ఇంట నిలుపుకొనండి, పండుగనాడు ఊరిలో ఒక చుట్టు త్రిప్పుకొనండి. ప్రతిదినము పాలు మోయుటకు మాత్రము వేఱొక బండిని చూచుకొనండి. ముసలి బండి చేత రోజూ బరువు మోయించి, రోజూ తిట్టి, రోజూ విప్పించుట ప్రేమ యనిపించుకొనదు.

మన ఇండ్లలో ఒక అలవాటు కలదు. దీనిని గూర్చి నాకు చాల బాధ. ఇంటి యజమాని కొత్త బండి కొనుక్కొనును. పాత బండి, బ్రేకులు సరిగా పడనిది, లైటు మిణుకుమిణుకుమనునది, కాలేజీకి పోవు చిన్న కొడుకునకు వచ్చును. అనుభవము లేనివాని చేతికి, వేగము మీద మోజు గలవాని చేతికి, ఇంటిలోని అన్నిటికంటె బలహీనమైన యంత్రము! తండ్రులారా, దయచేసి ఈ పని చేయకండి. పాత బండిని ఇంటిలోనే ఉంచుకొనదలచినచో దానిని పెద్దవారు నడుపుకొని, మంచి బ్రేకులున్న బండిని పిల్లవానికి ఇవ్వండి. అది తగదనిపించినచో, బస్సుపాసు కొనిపెట్టండి. మీకు భయమనిపించిన బండి మీ బిడ్డకు భద్రము కానేరదు.

చివరిగా, ఆపుట అని నిశ్చయించుకొన్న తరువాత చేయవలసిన పనిని గూర్చి. అమ్మినప్పుడు డబ్బు చేతిలో పడగనే పని అయిపోయినదని పలువురు అనుకొందురు. కాలేదు. ఫారము 29, ఫారము 30 నింపి, బండి కొనినవాని పేరు మీదికి మారినదని కన్నులార చూచుకొనవలెను. ఆ మార్పు జరుగునంతవఱకు చట్టము దృష్టిలో యజమాని మీరే. చేతులు మారిన బండి ప్రమాదము చేసినను, రిజిస్టరులో ఎవరి పేరున్నదో ఆయనయే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వేఱొకని తప్పుకు మీ పొలము చిక్కులలో పడరాదు.

అమ్ముటకు పనికిరాని బండిని పాత ఇనుము క్రింద ఇచ్చువారు కూడ నంబరు పలకతో సహా ఇచ్చివేయరాదు. ఆ పలక మఱియొక దొంగ బండికి ఎక్కినచో పోలీసులు వచ్చునది మీ ఇంటికే. ఇక నడువదని తేలిన బండిని గూర్చి పదునాలుగు దినములలోపల రవాణా కార్యాలయమునకు తెలియజేసి, రిజిస్ట్రేషను పత్రమును అప్పగించి, నమోదును రద్దు చేయించుకొనవలెనని చట్టము చెప్పుచున్నది. ఇంటి వెనుక కొట్టములో, చింతచెట్టు క్రింద, సంవత్సరములుగా తుప్పు పట్టుచున్న బండ్లు మన పల్లెలలో ఎన్నో కలవు. అట్టిది మీ ఇంట ఉన్నచో, ఈ వారములోనే దాని కాగితములు ఎక్కడ నున్నవో వెదకి, ఆ పని ముగించుకొనుడని మిమ్ము కోరుచున్నాను.